మూగ గ్రంథాలయం

వేసవి సెలవులకు మీరంతా అమ్మమ్మగారి ఊరు బయలుదేరారనుకోండి. మూడు వారాలపాటు ఇంటికి తాళం. మేడమీద కుండీలో మీరు పెంచుకుంటున్న మల్లెమొక్క ఒకటి ఉన్నది. ఎండలు మండిపోతున్నాయి. దానికి రోజూ నీళ్ళు పోసేదెవరు? పక్కింటి పిన్నిగారు కూడా ఊళ్ళో ఉండరట.

మీరు తెలివైనవాళ్ళు గనక ఒక ఉపాయం ఆలోచించారు. మీ దగ్గిర పికో అనే చిన్న పలక ఉన్నది. ఇంగ్లండులో కేంబ్రిడ్జి నగరానికి చెందిన రాస్ప్‌బెర్రీ పై సంస్థవారు 2021 జనవరిలో దీన్ని విడుదల చేశారు. అప్పుడు దాని ధర 4 డాలర్లు. పొడవు 51 మిల్లీమీటర్లు, వెడల్పు 21. ఇంచుమించు పెద్దవాళ్ళ బొటనవేలంత. దానికి తెర లేదు, కీబోర్డు లేదు. అయినా అది కంప్యూటరే. బట్టలు ఉతికే యంత్రంలోనూ, టీవీ రిమోట్‌లోనూ, స్కూటరు మీటరులోనూ ఇలాటి చిన్న కంప్యూటర్లే మనకు కనపడకుండా కూర్చుని పనిచేస్తుంటాయి.

ఆ పికోకు ఒక రిలే, ఆ రిలేకు ఒక చిన్న పంపు తగిలించారు. పంపును నీళ్ళ బకెట్టులో ఉంచారు. రోజుకొకసారి పది సెకండ్లపాటు కుండీలో నీళ్ళు పొయ్యమని పికోకు ఆజ్ఞలు రాసిపెట్టారు. రెండు రోజులు పరీక్ష చేసి చూశారు. భేషుగ్గా పనిచేసింది. బయలుదేరే రోజు పొద్దున ఆరు గంటలకు మొక్కకు మీ చేత్తోనే నీళ్ళు పోసి, పికోకు కొత్తగా కరెంటు ఇచ్చి, రైలెక్కారు.

మర్నాడు ఆరింటికి పంపు గుర్రుమన్నది, కుండీ తడిసింది. ఆ మర్నాడూ అంతే. అలా పన్నెండు రోజులు మల్లెమొక్క చల్లగా ఉన్నది. పదమూడోనాడు ఆరయింది, ఏడయింది, ఎనిమిదయింది. పంపు కదలలేదు. పద్నాలుగోనాడూ కదలలేదు. మీరు తిరిగివచ్చేసరికి కుండీలో ఎండుపుల్లలు మాత్రం మిగిలాయి!

పంపు చెడిపోయిందా? లేదు. తీగ ఊడిందా? లేదు. బకెట్టులో ఇంకా సగం నీళ్ళున్నాయి. కరెంటు పోయిందా అంటే అదీ కాదు. పికో దీపం చక్కగా వెలుగుతూనే ఉన్నది. మీరేం చెప్పారో పికో సరిగ్గా అదే చేసింది. అసలు సంగతి ఒక పుస్తకంలో ఒక పేజీలో ఉన్నది. మీరా పేజీ చదవలేదు.

ఆ పేజీ ఏమిటో తెలియాలంటే ముందు పికో కడుపులోకి ఒకసారి తొంగిచూడాలి.

మీ వంటింట్లో పోపులపెట్టె ఉంటుంది గదా. ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినప్పప్పు, ఎండుమిరపకాయలు అన్నీ ఒక్కచోటే చేతికందేట్టు అమ్మ పెట్టుకుంటుంది. చారు పెట్టినప్పుడల్లా ఆవాలకోసం బజారుకు పరిగెత్తదు. కంప్యూటరు ఆజ్ఞలు రాసేవాళ్ళకు కూడా ఇలాటి పోపులపెట్టె ఉన్నది. దాన్ని వాళ్ళు లైబ్రరీ అంటారు. కాలం కొలిచే ఆజ్ఞలన్నీ ఒక అరలో, లెక్కలు చేసే ఆజ్ఞలన్నీ ఒక అరలో, రంగుదీపాలు వెలిగించే ఆజ్ఞలు ఇంకొక అరలో ఉంటాయి. ఒక్కొక్క అరను మాడ్యూల్ అంటారు. అవి ఎవరో ముందే రాసి, పరీక్షించి, పరికరంలో భద్రపరిచి ఉంచినవి. మనం పేరు పెట్టి పిలిస్తే చాలు, వచ్చి పనిచేస్తాయి.

పికోకు మీరు ఆజ్ఞలు రాసిన భాష పేరు మైక్రోపైథాన్. దీనికి పెద్దన్న పైథాన్. పైథాన్‌ను హాలండు దేశస్థుడు గైడో వాన్ రోసమ్ 1991లో మొదటిసారిగా లోకానికి ఇచ్చాడు. అది పెద్ద కంప్యూటర్లకోసం పుట్టిన భాష. దాన్ని బుడ్డి కంప్యూటర్లలో ఎందుకు పట్టించరాదని డామియెన్ జార్జ్ అనే భౌతికశాస్త్రజ్ఞుడికి తోచింది. ఆయన 2013లో ప్రజలనుంచి చందాలు పోగుచేసి మైక్రోపైథాన్‌ను తయారుచేశాడు. ఆజ్ఞలకు 256 కిలోబైట్ల చోటూ, పని చేసుకోవటానికి 16 కిలోబైట్ల జ్ఞాపకశక్తీ ఉంటే చాలు, ఆ భాష అందులో ఇమిడిపోతుంది.

16 కిలోబైట్లంటే ఎంతో మీకు అందటానికి ఒక లెక్క చెబుతాను. కంప్యూటరులో తెలుగు రాస్తే ప్రతి అక్షరమూ, ప్రతి గుణింతపు గుర్తూ సాధారణంగా మూడేసి బైట్లు తింటుంది. ఆ లెక్కన మీరిప్పుడు చదువుతున్న ఈ వ్యాసం 16 కిలోబైట్లలో సగం కూడా పట్టదు! పికో కాస్త కలిగినవాళ్ళ బిడ్డ. దానికి 264 కిలోబైట్లున్నాయి. అయినా ఈ రోజుల్లో ఫోనుతో తీసిన ఒక్క ఫోటో అందులో పట్టటం కష్టం.

ఇల్లు ఇరుకైతే ఏం చేస్తాం? అవసరం లేని సామాను తీసేస్తాం. మైక్రోపైథాన్ చేసినవాళ్ళూ అదే చేశారు. పెద్ద పైథాన్‌లో అనేక ఆజ్ఞలతోపాటు వాటి వివరణ కూడా చిన్న చీటీలాగా అతికించి ఉంటుంది. “హెల్ప్” అని అడిగితే కంప్యూటరు ఆ చీటీ చదివి వినిపిస్తుంది: ఈ ఆజ్ఞ ఫలానా పని చేస్తుంది, దీనికి ఫలానా సంఖ్య ఇవ్వాలి, అని. మైక్రోపైథాన్‌లో ఈ చీటీలను పీకేశారు. చోటు చాలదు మరి!

పికోను కంప్యూటరుకు తగిలించి, లోపల ఏయే మాడ్యూళ్ళున్నాయో చెప్పమని హెల్ప్ ద్వారా అడగండి. టైమ్, మ్యాథ్, రాండమ్, మెషీన్, నియోపిక్సెల్ అని పేర్లు వరసగా చూపిస్తుంది. మ్యాథ్‌లో ఏమున్నాయంటే సైన్, కాస్, స్క్వేర్‌రూట్ అని మళ్ళీ పేర్లే చెబుతుంది. సరే, ఈ సైన్ అంటే ఏమిటమ్మా అని అడిగితే, “అది ఒక ఫంక్షన్” అని మాత్రం జవాబిస్తుంది. ఒకణ్ణి పట్టుకుని “బాబూ, నువ్వెవరివి?” అని అడిగితే “నేను మనిషిని” అన్నట్టుగా ఉన్నది గదూ! సైన్‌కు కోణాన్ని డిగ్రీల్లో ఇవ్వాలా, రేడియన్లలో ఇవ్వాలా అన్నది దాని నోటినుంచి రాదు. (రేడియన్లలో ఇవ్వాలి. 90 డిగ్రీల సైన్ 1 అని బడిలో చదివి, 90 అని ఇస్తే 0.89 వస్తుంది. చూసి, యంత్రానికి మతిపోయిందనుకుంటారు.)

చూశారా, ఇదొక వింత గ్రంథాలయం. బీరువాల నిండా విద్య ఉన్నది. చెప్పటానికి నోరు లేదు. అందుకని దాని తరఫున మాట్లాడే పుస్తకం ఒకటి బయట ఉండి తీరాలి. ఆ పుస్తకాన్నే డాక్యుమెంటేషన్ అంటారు. మనం వివరణ అందాం. మైక్రోపైథాన్ వివరణ ఇంటర్నెట్టులో అందరికీ ఉచితంగా దొరుకుతుంది. దాన్ని మనుషులు కూర్చుని రాస్తారు. భాషను తయారుచేసే ఆజ్ఞలు ఏ భాండాగారంలో ఉంటాయో ఆ వివరణ పేజీలూ అక్కడే ఉంటాయి. ఆజ్ఞ మారితే పేజీ మారాలి. మారకపోతే పేజీ అబద్ధమాడుతుంది. అసలు పేజీ లేకపోవటంకంటె అది ఎక్కువ ప్రమాదం.

మధ్యలో ఒక మాట. 2016లో ఇంగ్లండులోని బీబీసీవారు మైక్రోబిట్ అనే చిన్న పలకలను పదకొండు, పన్నెండేళ్ళ బడిపిల్లలకు ఇంచుమించు పది లక్షలు ఉచితంగా పంచిపెట్టారు. ఆ మొదటి మైక్రోబిట్‌లో పని చేసుకోవటానికి ఉన్నది ముందు చెప్పిన ఆ 16 కిలోబైట్లే. అయినా దానికోసం మైక్రోపైథాన్‌ను సిద్ధం చేసినవాళ్ళు ముఖ్యమైన ఆజ్ఞలకు ఒకటి రెండు వాక్యాల చీటీలు కష్టపడి ఇరికించారు. చిన్నపిల్లలు వాడే వస్తువు గదా, అడిగినప్పుడు అది కొంచెమైనా మాట్లాడాలని కాబోలు! కాని రెండు వాక్యాల్లో అన్నీ చెప్పటం ఎవరి తరమూ కాదు.

వివరణ రాయటం పైకి చాలా సులభంగా కనపడుతుంది. “స్లీప్: కాసేపు ఆగుతుంది” అని రాస్తే సరిపోలేదా? సరిపోదు. ఎంత సేపు? ఏ కొలతలో? టైమ్ మాడ్యూల్‌లో ఉన్న స్లీప్‌కు మీరిచ్చే సంఖ్య సెకండ్లు. మైక్రోబిట్ మాడ్యూల్‌లో కూడా స్లీప్ అనే పేరుతోనే ఇంకొక ఆజ్ఞ ఉన్నది. దానికిచ్చేది మిల్లీసెకండ్లు, అంటే సెకండులో వెయ్యో వంతులు. దీపం ఒక సెకండు ఆగి వెలగాలని మీరు 1000 అని రాశారనుకోండి. మైక్రోబిట్ వారి స్లీప్ అయితే సరిగ్గా సెకండు ఆగుతుంది. టైమ్ వారి స్లీప్ అయితే 16 నిమిషాల 40 సెకండ్లు ఆగుతుంది! అంతసేపూ మీరు తీగలు పీకి మళ్ళీ పెట్టి, బ్యాటరీ మార్చి, చివరకు ఇది పాడైపోయిందని మూలన పడేస్తారు. ఒక్క మాట, “సెకండ్లు” అన్నది, పేజీలో ఉండటానికీ లేకపోవటానికీ అంత తేడా.

ఇంకొకటి చూడండి. వైకుంఠపాళి ఆడటానికి ఒక పాచిక తయారుచెయ్యాలి. రాండమ్ మాడ్యూల్‌లో రాండ్‌ఇంట్, రాండ్‌రేంజ్ అని ఇద్దరన్నదమ్ములున్నారు. ఇద్దరికీ 1, 6 అని ఇచ్చి ఒక సంఖ్య చెప్పమనండి. రాండ్‌ఇంట్ 1 నుంచి 6 వరకు ఏదైనా చెబుతాడు. రాండ్‌రేంజ్ మాత్రం 6ను గడప బయటే నిలబెడతాడు. 1 నుంచి 5 లోపలే చెబుతాడు. ఆ పాచికతో ఆడితే ఎన్నిసార్లు వేసినా ఆరు పడదు. ఆట ఆగదు, యంత్రం తప్పు చూపదు, ఎవరికీ అనుమానం రాదు. ఆరు పడితేగాని నిచ్చెన దొరకనివాడు మాత్రం తన అదృష్టాన్ని తిట్టుకుంటూ పాము నోట్లో పడుతుంటాడు. అందుకే వివరణలో “ఈ కొస కలిసి”, “ఈ కొస కలవకుండా” అని చెప్పి తీరాలి.

కొన్ని సంగతులు ఆజ్ఞను ఎంత చూసినా తెలియవు. గాలిలో వేడినీ తేమనూ కొలిచే డీహెచ్‌టీ-11 అనే చవక పరికరం ఉన్నది. దాన్ని సెకండుకు ఒకసారికి మించి అడగవద్దనీ, దాని అన్న డీహెచ్‌టీ-22ను రెండు సెకండ్లకు ఒకసారికి మించి అడగవద్దనీ వివరణ చెబుతుంది. అలాగే, తేదీని సెకండ్లలో లెక్కపెట్టేటప్పుడు కొన్ని పరికరాలు 1970 జనవరి 1 నుంచి మొదలుపెడతాయి. కొన్ని 2000 జనవరి 1 నుంచి. ఇది చూసుకోకపోతే మీ యంత్రం మిమ్మల్ని ముప్పై ఏళ్ళు వెనక్కో ముందుకో తీసుకుపోతుంది.

ఇక మన మల్లెమొక్క దగ్గరకు వద్దాం.

మీరు పికోచేత రోజులు లెక్కపెట్టించటానికి టైమ్ మాడ్యూల్‌లోని “టిక్స్-ఎమ్మెస్” అనే ఆజ్ఞను వాడారు. అది మిల్లీసెకండ్లు లెక్కపెట్టుకుంటూ పోతుంది. రోజుకు 8,64,00,000 మిల్లీసెకండ్లు. నీళ్ళు పోసినప్పుడల్లా అప్పటి సంఖ్యను గుర్తుపెట్టుకుని, ఇప్పటి సంఖ్యలోనుంచి దాన్ని తీసివేసి, వచ్చినది 8,64,00,000 అయితే మళ్ళీ నీళ్ళు పొయ్యమన్నారు. ఇందులో తప్పేమీ లేదే!

తప్పు ఎక్కడ వచ్చిందంటే, ఆ సంఖ్య ఎల్లకాలమూ పెరుగుతూ పోదు. పికోలో అది 1,07,37,41,823 దాకా పెరిగి, ఆ మరుసటి మిల్లీసెకండులో మళ్ళీ సున్నాకు వస్తుంది. దీనికి పట్టే కాలం 12 రోజుల 10 గంటల 15 నిమిషాల చిల్లర.

ఇది మనకు కొత్త సంగతి కాదు. మన సంవత్సరాల పేర్లు అరవై. ప్రభవతో మొదలై అక్షయతో ముగుస్తాయి. 1986 ఉగాదికి అక్షయ వచ్చింది. 1987 ఉగాదికి మళ్ళీ మొదటినుంచి, ప్రభవ వచ్చింది. అక్షయలో ఒక పిల్లవాడు పుట్టాడనుకుందాం. ప్రభవ వచ్చేసరికి వాడి వయసెంత? సంవత్సరం సంఖ్యలు తీసివేసి చెప్పమంటే, 1లోనుంచి 60 పోగా మైనస్ 59! పుట్టటానికి ఇంకా యాభైతొమ్మిదేళ్ళున్నదన్నమాట. ఉయ్యాలలో మాత్రం వాడు కేరుకేరున ఏడుస్తున్నాడు. మీ తాతయ్యను అడిగితే ఇలా లెక్క చెయ్యరు. అక్షయ తరవాత ప్రభవ అని ఆయనకు తెలుసు గనక, “ఒక ఏడు” అంటారు.

పికో కూడా పదమూడోనాడు సరిగ్గా మైనస్ యాభైతొమ్మిది లెక్కే చేసింది. పన్నెండోనాడు పొద్దున నీళ్ళు పోసినప్పుడు సంఖ్య దాదాపు 1,03,68,00,000. ఆనాడు సాయంత్రం నాలుగుంబావు దాటగానే లెక్క సున్నాకు తిరిగింది. పదమూడోనాడు ఆరింటికి ఉన్న చిన్న సంఖ్యలోనుంచి ఆ పెద్ద సంఖ్యను తీసివేస్తే సున్నాకంటె తక్కువ వచ్చింది. రోజు కాలేదు గనక నీళ్ళు పొయ్యలేదు. పోనీ, ఎప్పటికైనా పోస్తుందా? మళ్ళీ పొయ్యాలంటే లెక్క 1,12,32,00,000కు చేరాలి. ఆ సంఖ్య దానికి ఎన్నటికీ రాదు. అంతకు ముందే సున్నాకు తిరిగిపోతుంది. మీరు ఆరు నెలలు ఊళ్ళో ఉన్నా పంపు కదలదు.

ముందుగా పరీక్ష చేశారు గదా, అప్పుడెందుకు తెలియలేదు? రెండు రోజులే చేశారు. వారం చేసినా తెలిసేది కాదు.

ఈ సంగతంతా మైక్రోపైథాన్ వివరణలో టైమ్ మాడ్యూల్ పేజీలో ఉన్నది. ఈ సంఖ్య ఒక దశలో వెనక్కు తిరుగుతుందనీ, దాన్ని మామూలు తీసివేతతో లెక్కించవద్దనీ, అందుకోసం “టిక్స్-డిఫ్” అనే వేరే ఆజ్ఞ ఉన్నదనీ అక్కడ రాశారు. టిక్స్-డిఫ్ మీ తాతయ్యలాటిది. అక్షయ తరవాత ప్రభవ అని దానికి తెలుసు.

ఆ పేజీ రాసినవారు ఊరికే హెచ్చరించి వదలలేదు. చిన్న ముచ్చట కూడా చెప్పారు. గదిలో మీరొక్కరే ఉన్నారు. కాలం తెలుసుకోవటానికి పన్నెండు గంటల గోడగడియారం తప్ప ఏమీ లేదు. ఒకసారి చూసి పడుకుని, పదమూడు గంటలు నిద్రపోయి లేచారు. గడియారం చూస్తే ఒక గంటే అయినట్టుంటుంది! అలా మోసపోకుండా ఉండాలంటే గడియారాన్ని తరచుగా చూస్తుండాలి. టిక్స్-డిఫ్‌కు కూడా అంతే. లెక్క తిరిగే కాలంలో సగానికి, అంటే పికోలో సుమారు ఆరు రోజులకు, లోపలగా దాన్ని అడుగుతుండాలి. మల్లెమొక్కకు రోజూ అడుగుతాం గనక మనకు ఇబ్బంది లేదు. యంత్రాన్ని గురించిన పుస్తకంలో ఇలాటి ముచ్చట చూసినప్పుడు నాకు ముచ్చటేసింది. చదివేవాడు తన ఎదురుగా కూర్చున్నట్టు అనుకోనివాళ్ళు అలా రాయలేరు.

మరొక విశేషం. లెక్క ఏ సంఖ్య దగ్గర తిరుగుతుందో ఆ పేజీలో రాయలేదు! మరిచిపోయి కాదు. మైక్రోపైథాన్ పికోలోనే కాక ఇంకా అనేక పరికరాల్లో నడుస్తుంది. ఒక్కొక్కదానిలో ఆ సంఖ్య ఒక్కొక్కరకంగా ఉండవచ్చు. పుస్తకంలో ఒక సంఖ్య వేసేస్తే పిల్లలు దాన్నే నమ్ముకుని లెక్కలు రాసుకుంటారు. అది లేని పరికరంలో బోల్తాపడతారు. అందుచేత దానికి ఒక పేరు మాత్రం పెట్టి, “ఇది మారవచ్చు” అని ఊరుకున్నారు. ఏది చెప్పాలో తెలియటం ఒక ఎత్తు. ఏది మాట ఇవ్వకూడదో తెలియటం ఇంకొక ఎత్తు. నాకు రెండోదే కష్టంగా తోస్తుంది.

ఇలాటి పేజీ ఒకటి మీరూ రాసి చూడండి. ఇంట్లో లేకపోయినా, బడిలో పికో, మైక్రోబిట్ వంటి పలక ఉంటే చాలు. లైబ్రరీలోనుంచి ఒకే ఒక్క ఆజ్ఞను ఎంచుకోండి. దానికి ఏమివ్వాలి, ఏ కొలతలో ఇవ్వాలి, తిరిగి ఏమిస్తుంది, ఏమిస్తే మొరాయిస్తుంది అన్నవి తెలుగులో రాయండి. వినికిడి మాటలు రాయకండి. ప్రతి వాక్యాన్నీ పలకమీద చేసి చూసి రాయండి. సున్నా ఇచ్చి చూడండి, మైనస్ సంఖ్య ఇచ్చి చూడండి, సంఖ్యకు బదులు మీ పేరు ఇచ్చి చూడండి. ఏమీ విరగదు, మహా అయితే అది కోప్పడుతుంది. ఆ కోపంలో అన్న మాటను కూడా పేజీలోకి ఎక్కించండి. తరవాత ఆ పేజీని ఆ ఆజ్ఞ ఎన్నడూ వాడని స్నేహితుడికి ఇచ్చి, మీరు నోరెత్తకుండా కూర్చోండి. వాడు ఎక్కడ ఆగి మీ మొహం కేసి చూస్తాడో అక్కడ పేజీలో ఒక వాక్యం తక్కువయిందన్నమాట.

దేనితో మొదలుపెట్టాలో తోచకపోతే టిక్స్-ఎమ్మెస్‌తోనే మొదలుపెట్టండి. లెక్క ఎక్కడ తిరుగుతుందో కనుక్కోవటానికి పన్నెండు రోజులు కాచుకుని కూర్చోనక్కరలేదు. దానికి ఉపాయం కూడా ఆ వివరణ పేజీలోనే ఉన్నది. “టిక్స్-యాడ్” అనే ఆజ్ఞకు 0, మైనస్ 1 అని ఇవ్వండి. అంటే సున్నా దగ్గర నిలబడి ఒక అడుగు వెనక్కు వెయ్యమన్నమాట. ప్రభవకు ముందు ఏ సంవత్సరమని తాతయ్యను అడిగినట్టే. పికో అయితే 1,07,37,41,823 అంటుంది. మీ పలక ఏమంటుందో చూసి, దాని పేరూ, తేదీ వేసి, ఆ సంఖ్యను మీ పేజీలో రాసుకోండి. అప్పుడు వెళ్ళి, మల్లెమొక్క ఆజ్ఞల్లో ఉన్న ఆ ఒక్క తీసివేతను మార్చండి.